మెల్లగా పిలిచిన పేరు

కుటుంబ కోర్టులో అతన్ని కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచినవాళ్ళు లేరు. జడ్జిగారి దగ్గర్నుంచి గేటు బయట టీ కొట్టాయన దాకా అందరికీ అతను మైకే. ఉద్యోగం బంట్రోతు. హాలు గుమ్మంలో నిలబడి, ఏ కేసు వంతు వస్తే ఆ కేసు తాలూకు మనుషుల పేర్లు మూడేసి సార్లు కేకెయ్యడం అతని పని. మూడో కేకకీ మనిషి రాకపోతే రానట్టే లెక్క. లోపల జడ్జిగారు ఆ మనిషి లేకుండానే తీర్పు రాసేసుకుంటారు. దాన్ని అక్కడ ఎక్స్‌పార్టీ అంటారు. సంతకం పెట్టడం రానివాళ్ళు కూడా ఆ ఒక్క మాటా భయంతో నేర్చుకుంటారు.

గొంతు గురించి మైకుని అడగడమే పాపం. అడక్కపోయినా చెప్పేవాడనుకోండి. అతను గొంతు సవరించుకోగానే కోర్టు కప్పు మీది పావురాలు ముందుజాగ్రత్తగా ఎదురు మేడ మీదికి మకాం మార్చేసేవట. ఒకసారి ఒక సాక్షి పేరు పిలిస్తే, ఆ సాక్షి ఇంకా స్టేషన్‌కి రాని రైల్లోంచే "వచ్చా, వచ్చా" అని చెయ్యెత్తాడట, పక్కనున్న టికెట్ల మనిషి హడలిపోయాడట. ఇంకోసారి శ్మశానానికి మోసుకెళ్తున్న కక్షిదారొకడు మూడో కేక చెవిన పడి లేచి కూర్చుని, వాయిదా అడిగి, మళ్ళీ పడుకున్నాడట. "వాయిదా ఇచ్చారా మరి?" అని ఎవరైనా అడిగితే, "ఇవ్వకేం చేస్తారు, చచ్చినంత కారణం ఉంటే!" అనేవాడు.

కోతలు తీసేసినా మిగిలేది తక్కువేం కాదు. ఆ కోర్టులో ప్లీడర్లందరూ అతని గొంతు మీదే బతికేవాళ్ళు. ఒక హాల్లో వాదిస్తూ ఇంకో హాల్లో కేసు పెట్టుకునే ప్లీడరుకి గడియారం అక్కర్లేదు, మైకు కేక వినపడగానే నల్లకోటు ఎగరేసుకుంటూ వచ్చేవాడు. టీ కొట్లో కూర్చున్న భార్యాభర్తలు, చెరో బల్ల మీద వాళ్ళు, ఒకే కేకకి ఇద్దరూ లేచేవాళ్ళు. పెళ్ళయ్యాక ఇద్దరూ ఒక్కసారిగా చేసిన పని ఇదొక్కటేనని మైకు వెక్కిరింత.

వెక్కిరింతల్లో ఇంకోటి కూడా ఉంది. అది చెప్పుకోదగ్గది కాదు. ఏ భర్త అయినా తన భార్య పరాయి మగాడితో తిరిగిందని కేసు వేస్తే, వరండా భాషలో దాన్ని "గుమ్మం కేసు" అనేవాళ్ళు. గుమ్మం దాటిన ఆడదాని కేసన్నమాట. అలాంటి కేసు వచ్చిందంటే ప్లీడర్ల గుమాస్తాలు పనులు ఆపి గోడలకి చేరగిలబడేవాళ్ళు. మైకు ఆమె పేరుని సాగదీసి, మధ్యలో ఒక చిన్న విరుపు విరిచి, చివర్లో పైకెత్తి వదిలేవాడు. రెండో కేకకి ఇంకాస్త, మూడో కేకకి మరికాస్త. వరండా ఘొల్లుమనేది. ఒకామె ఆ వరండాలో, కప్పు కింద, గొడుగు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుని నడిచింది. ఆ గొడుగు మీద కూడా మైకు వారం రోజులు జోకులు చెప్పాడు. ఇంటికొచ్చి భార్యకీ, చెల్లెలు వచ్చినప్పుడు చెల్లెలికీ చెప్పాడు. భార్య నవ్వింది. చెల్లెలు నవ్వలేదు. తలనొప్పిగా ఉందేమో అనుకున్నాడు.

ఆ చెల్లి అతని కంటే బాగా చిన్నది. అమ్మ పోయేనాటికి దానికి జడ వేసుకోవడం రాదు. అన్నే వేశాడు, వంకరటింకరగా. పేరు పెట్టింది కూడా అతనే. పెళ్ళి చేసింది, అత్తారింటికి పంపుతూ వీధి చివరిదాకా ఏడ్చింది కూడా అతనే. ఆ ఏడుపుకి మూడు వీధుల అవతల కుక్కలు జవాబిచ్చాయని తర్వాత తనే చెప్పుకున్నాడు.

చెల్లి మొగుడు, అంటే బావగారిది రంగుల దుకాణం. కొట్టడు, తిట్టడు, తాగడు. ఇంటికొస్తే తలుపు తీసిన మనిషి ముఖం చూడకుండా చెప్పులు విప్పుకుంటాడు, అంతే. చెల్లి ఒక పరదాల కొట్టులో పని చేసేది. ఇళ్ళకీ ఆఫీసులకీ వెళ్ళి కిటికీల కొలతలు తీసుకోవడం ఆమె వంతు. అలా ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అక్కడ వెనకగదిలో పళ్ళ సెట్లు చేసే మనిషి, ఆమె సంచీలోంచి తొంగిచూస్తున్న అద్దె నవల చూసి, "ఎంతదాకా వచ్చారు?" అని అడిగాడు. అంతే. ఆ ఇంట్లో అన్నేళ్ళుగా ఆమె చేతిలో పుస్తకం కనపడినా ఆ మాట అడిగిన నాథుడు లేడు.

తర్వాత జరిగింది మీరు ఊహించుకోగలరు, ఊహించుకోవడంలో అందరం గట్టివాళ్ళమే. బయటపడింది మాత్రం ఎవరూ ఊహించని చోట. ఒకరోజు అన్నం దగ్గర కూతురు, ఏడేళ్ళ పిల్ల, తండ్రితో అంది: "నాన్నా, అమ్మ పళ్ళ సెట్లాయన దగ్గర నవ్వుతుంది. చాలాసేపు నవ్వుతుంది."

*

సంచీతో, పిల్లతో చెల్లి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడినప్పుడు మైకు కోర్టు బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు.

"అన్నయ్యా, మమ్మల్ని పంపించేశాడు."

"ఎవరు?"

"మీ బావగారే. ఇంకెవరు పంపిస్తారు?"

మైకు పిల్లని అవతలి గదిలోకి పొమ్మన్నాడు. "అంటే ఆ చెప్పుకునేదంతా..."

"విన్నావా?"

"విన్నా. అబద్ధం అనుకున్నా."

"నిజం," అంది చెల్లి.

బూటు చేతిలోనే ఉండిపోయింది. అతని ఉద్యోగంలో ఇన్ని గుమ్మం కేసులు చూశాడు, నిజమని మొదటి వాయిదాకే ఒప్పుకున్న మనిషిని చూడలేదు. తిట్టాలని నోరు తెరిచాడు. వరండాలో అతను వాడే మాటలు తప్ప నాలుక మీద ఇంకేం లేవు.

తిట్టే పని భార్య అందుకుంది. "ఆ అద్దె పుస్తకాలు చదివే ఇంతదాకా తెచ్చుకున్నావు. నేను ముందే అన్నా."

"అవి చదివినవాళ్ళెవరూ ఈ పని చెయ్యరు వదినా. వాటిల్లో నాలాంటిది ఎప్పుడూ చివరి పేజీ చూడదు. నూతిలో దూకుతుంది, రైలు కింద పడుతుంది, లేదంటే దగ్గి దగ్గి పోతుంది. రాసినవాళ్ళకి ఆమెని ఏం చెయ్యాలో తోచక చంపేస్తారు కాబోలు."

"మరి నువ్వేం చేస్తావు?"

"రేపు సోమవారం. పిల్లని బడికి పంపాలి. దాని లంచ్ డబ్బా అక్కడే ఉండిపోయింది."

వదిన ఏదో అనబోయి మానేసి, అలమారలోంచి ఒక డబ్బా తీసి కడగడం మొదలుపెట్టింది. కడుగుతూనే అంది, "ఉండు. కానీ వీధి గుమ్మంలో నిలబడకు. నేను ఈ వీధిలో నడవాలి."

పరదాల కొట్టు యజమాని చెల్లిని పనిలోంచి తియ్యలేదు. మంచివాడు. కాకపోతే "ఇళ్ళల్లోకి పంపితే ఆడవాళ్ళు ఒప్పుకోవడం లేదమ్మా" అని కొలతల పని మాన్పించి, వెనకగదిలో అంచులు కుట్టే పనిలో కూర్చోబెట్టాడు. పళ్ళ సెట్లాయన, పెళ్ళాన్నీ మిషన్నీ వేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. అక్కడ కూడా జనానికి పళ్ళు ఊడుతూనే ఉంటాయి కాబట్టి అతనికి ఇబ్బందేం లేదు.

మైకుకి రగిలిపోయేది అక్కడే. తను సగం జడ్జినని అతని నమ్మకం. ఒకరోజు మధ్యాహ్నం చెల్లికి చట్టం చెప్పాడు.

"పాత చట్టమే ఉండుంటే వాణ్ణి బోనెక్కించేవాళ్ళం. వాడి పేరు నేనే పిలిచేవాణ్ణి. సముద్రం అడుగున దాక్కున్నా వాడు చేసిన పళ్ళన్నీ జనం నోళ్ళలోంచి రాలిపడేలా పిలిచేవాణ్ణి!"

"నన్ను కూడా ఎక్కించేవాళ్ళా బోను?"

"అబ్బే, నిన్నెందుకు? పాత లెక్కలో నువ్వు బావగారి సొత్తు కింద జమ. సొత్తు మీద కేసేముంటుంది?"

"కుర్చీలాగానా?"

"దాదాపు అంతే."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఆ చట్టం తీసేశారు. నేరం కాదు. విడాకులకి కారణం, అంతే. ఇప్పుడు నువ్వు మనిషివే."

"ఓహో," అంది చెల్లి దారం కొరుకుతూ. "మనిషినయ్యాక పిల్లని లాక్కుంటారన్నమాట."

ఎందుకంటే ఆ వేళకే బావగారు కేసు వేశాడు. కోపంలో పిల్లని కూడా పంపేశాడు గానీ, తన తల్లి మాట విని మనసు మార్చుకున్నాడు. విడాకులు కావాలి, ఇలాంటి తల్లి దగ్గర ఆడపిల్ల పెరగకూడదు కాబట్టి పిల్ల కూడా కావాలి. విడాకులకి చెల్లి అడ్డు చెప్పలేదు. "ఆయనకి నేను అన్యాయం చేశాను, ఆ బాకీ ఆయన తీర్చుకోవచ్చు. పిల్లకి నేనేం చెయ్యలేదు. పిల్లని ఇవ్వను," అంది ప్లీడరుతో. ఆ ఒక్క మాట చెప్పడానికే ఆమెకి కోర్టు కావాలి. చెప్పింది వింటే జడ్జి కూడా పిల్లని తండ్రికి ఇవ్వడని ప్లీడరు నమ్మకంగానే ఉన్నాడు. పిల్ల తల్లిని వదిలి ఒక్క పూట ఉండదని బడిలో టీచరమ్మ వచ్చి సాక్ష్యం చెప్తానంది కూడా.

మేనమామ ఇంట్లో పిల్ల మాత్రం హాయిగా ఉంది. కోతలు వినడానికి దానికంటే గొప్ప మనిషి మైకుకి జీవితంలో దొరకలేదు.

"మావయ్యా, నీ గొంతు మా బడి దాకా వినపడుతుందా?"

"బడిదాకానా? నిన్న నువ్వు ఎక్కాల్లో ఏడెనిమిదులు యాభై నాలుగు అన్నావు. నేను కోర్టు గుమ్మంలోంచే యాభై ఆరు అని అరిచా. వినపడలేదూ?"

పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుంది. "వినపడింది! టీచరు చెప్పిందనుకున్నా!"

*

కేసు వాయిదా రోజు మైకు చెయ్యాల్సిన పని తేలికైనది. జడ్జిగారి ముందు కేసులు చదివే బెంచి గుమాస్తా దగ్గరికెళ్ళి, "ఇది మా చెల్లి కేసు, ఇవాళ గుమ్మంలో ఇంకెవరినైనా నిలబెట్టండి," అంటే సరిపోయేది. అనలేదు. ఇంకెవరైనా పిలిస్తే తను నేర్పిన పద్ధతిలోనే సాగదీస్తారని భయం ఒకటి. "మా చెల్లి" అని పైకి అనాల్సొస్తుందని ఇంకోటి. ఆ రెండో భయాన్ని అతను మొదటిదాని వెనక దాచేసుకున్నాడు.

పొద్దున్నే చెల్లిని వెనక వైపు నుంచి తీసుకొచ్చాడు. పాత బీరువాలు పడేసిన మెట్ల కింద, మంచినీళ్ళ కుండీ పక్కన ఒక స్టూలు వేశాడు.

"ఇక్కడ కూర్చో. వరండాలోకి రాకు. అక్కడ ఒక్కో కన్నూ ఒక్కో సూది."

"ఇక్కడికి వినపడుతుందా అన్నయ్యా?"

"ఎవరి గొంతు అనుకున్నావే? నేను పిలిస్తే ఈ బీరువాల్లో చెదపురుగులు కూడా హాజరవుతాయి."

చెల్లి నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. "సరే. నువ్వు పిలవగానే వస్తా."

ప్లీడరు కూడా అదే ధీమాతో పై అంతస్తు హాల్లో ఇంకో కేసు వాదిస్తున్నాడు. మైకు గొంతు పైకి వినపడకపోవడం ఆ భవనం కట్టాక జరగలేదు.

గుమాస్తాలకి సంగతి ఎలా తెలిసిందో తెలిసింది. వంతు దగ్గర పడేసరికి గోడల పొడుగునా జనం. సన్న మీసాల గుమాస్తా ఒకడు, మైకు జోకులకి అందరికంటే ముందు నవ్వేవాడు, దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"ఏం మైకూ, ఇవాళ ఇంటి పాటట కదా! మాకు సాగదీసినట్టే సాగదియ్యాలి. మొహమాటం పనికిరాదు."

"మావాళ్ళు పందెం కూడా కాశారు గురూ," అన్నాడు ఇంకొకడు. "పైకెత్తుతావా, మింగేస్తావా అని."

లోపల్నుంచి గంట మోగింది. బెంచి గుమాస్తా కేసు చదివాడు. మైకు గుమ్మంలో నిలబడి ముందు బావగారి పేరు పిలవబోయాడు. అవసరం రాలేదు. గుమ్మం పక్కనే నిలబడున్న బావగారు, తెల్ల చొక్కాలో, తల వంచుకుని లోపలికి వెళ్ళాడు.

ఇక చెల్లి పేరు.

గాలి పీల్చుకున్నాడు. గోడల పొడుగునా పళ్ళు బయటపెట్టి ఎదురుచూస్తున్న ముఖాలు. ఆ ముఖాలన్నీ అతను తయారుచేసినవే. ఆ పేరు ఆ పళ్ళ మధ్యకి విసరడానికి గొంతు ఒప్పుకోలేదు. చిన్నప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని, పక్కగదిలో బొమ్మలాడుకుంటున్న దాన్ని అన్నానికి పిలిచినట్టు పిలిచాడు. అంత మెల్లగా. రెండోసారీ అలాగే. మూడోసారి పెదాలు మాత్రమే కదిలాయేమో, అతనికే తెలియదు.

"మింగేశాడ్రోయ్!" అన్నారెవరో. ఘొల్లుమంది వరండా.

పరుగెత్తి మెట్ల కిందికి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొద్దామని అడుగు తీశాడు. "మైకూ!" అని లోపల్నుంచి బెంచి గుమాస్తా. పిలిచినప్పుడు గుమ్మం వదిలి వెళ్ళకూడదు. వెనక్కి తిరిగాడు.

"పిలిచావా?" అన్నారు జడ్జిగారు, కాగితాల్లోంచి తలెత్తకుండా.

"పిలిచానండి."

"మూడుసార్లూ?"

"మూడుసార్లండి."

"వచ్చిందా?"

"వస్తుందండి... ఇక్కడే..."

"ఇక్కడుంటే ఇక్కడ కనపడాలి కదా," అన్నాడు బావగారి ప్లీడరు. "మైకు పిలిచాక రాలేదంటే రావడం ఇష్టం లేకే. పిల్ల మీద ఆ తల్లికున్న శ్రద్ధ అయ్యగారే గమనించాలి."

హాలంతా తలూపింది. ఆ హాల్లో ఎవరికైనా సందేహం వచ్చుండేదే, అది వేరే బంట్రోతు గొంతైతే. మెట్ల కింద కూర్చునుందండీ, నేనే కూర్చోబెట్టానండీ, అది నా చెల్లెలండీ. మూడు ముక్కలు. మైకు నోట్లో మూడూ తయారుగా ఉన్నాయి. వెనక వరండాలో ఇంకా ఎవరో కిసుక్కుమంటున్నారు. ఆ నవ్వు ఆగాక చెబుదామనుకున్నాడు. అది ఆగేలోపు జడ్జిగారు ఎక్స్‌పార్టీ అని రాసేసి, తర్వాతి కేసు అన్నారు. తర్వాతి కేసు పేర్లు మైకే పిలిచాడు. అవి మాత్రం వీధి చివరిదాకా వినపడ్డాయి.

భోజనాల వేళకి మెట్ల కిందికి వెళ్ళాడు. చెల్లి అదే స్టూలు మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఒక్క ఇంచీ అటూ ఇటూ కదలకుండా కూర్చునుంది.

"ఎవరెవరివో పేర్లు వినపడుతున్నాయి," అంది. "మన వంతు ఇంకా రాలేదా అన్నయ్యా?"

*

తప్పిన వంతుని మళ్ళీ తెరిపించుకునే దారి చట్టంలో ఉంది. పిలుపు వినపడలేదని రుజువు చెయ్యాలి. ప్లీడరు అర్జీ వేశాడు. మింగేశాడని నవ్విన గుమాస్తాల్లో ఒక్కడూ బోనెక్కడానికి ఒప్పుకోలేదు. మిగిలిన సాక్షి మైకే.

జీవితమంతా ఇతరుల్ని పిలిచినవాణ్ణి ఇంకొకడు పిలిచాడు. బోనెక్కాడు. భార్య పొద్దున్నే చెప్పింది, "ఉద్యోగం పోతుంది." "పోనీ," అన్నాడు. ఆ ఒక్క రోజుకి అతను ఒక్క కోతా కొయ్యదలచుకోలేదు.

"మెల్లగా పిలిచానండి," అన్నాడు. "ఆమె నా చెల్లెలు. సిగ్గేసింది. నలుగురూ నవ్వుతారని మెల్లగా పిలిచాను. ఆమెకి వినపడలేదు. తప్పు నాది."

బావగారి ప్లీడరు లేచాడు. నవ్వుతూనే లేచాడు. మైకు కథలకి టీలు తాగించిన మనిషే.

"నీ గొంతుకి పావురాలు లేచిపోతాయని ఈ వరండాలో చెప్పింది నువ్వేనా?"

"నేనేనండి."

"రైల్లో ఉన్న సాక్షి చెయ్యెత్తాడన్నావా లేదా?"

"అన్నానండి."

"శవం వాయిదా అడిగిందన్నావు. నేనే విన్నాను. అది నిజమా?"

"కోతండి."

హాలు నవ్వింది. జడ్జిగారు కూడా పెన్ను మూత వెనక నవ్వారు.

"అయితే నువ్వు అబద్ధాలు చెప్తావు."

"అవి సరదాకి చెప్పినవండి. ఇది నిజం."

"ఆ రోజు అయ్యగారు అడిగితే మూడుసార్లు పిలిచానన్నావు. ఇవాళ వినపడేలా పిలవలేదంటున్నావు. ఏది సరదా? ఏది నిజం? పోనీ ఇది చెప్పు. ఇన్నేళ్ళలో నీ కేక వినపడలేదన్న కక్షిదారు ఒక్కరున్నారా?"

మైకు ఆలోచించాడు. ఉన్నారని అబద్ధమాడితే చాలు. ఆడదలచుకోలేదు కదా. "లేరండి," అన్నాడు.

"సొంత చెల్లెలికి మాత్రమే వినపడలేదు. అంతే కదా? ఇక నాకు ప్రశ్నల్లేవు."

చెల్లి లేచి, "అయ్యా, నేను మెట్ల కిందే ఉన్నాను," అంది. సాక్ష్యం అయ్యాక మాట్లాడకూడదని కూర్చోబెట్టారు. ఆ కోర్టులో ఆమె మాట్లాడిన మాట అదొక్కటే. పిల్లని ఇవ్వనన్న మాట అక్కడ ఎవరూ వినలేదు.

జడ్జిగారు సాహిత్యం తెలిసిన మనిషి. బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక నవల ఉండేది. తీర్పులో చట్టం మాట రెండు వాక్యాల్లో తేల్చేసి, మిగతాది మనసు పెట్టి రాశారు. తోబుట్టువు చెప్పిన సాక్ష్యం నమ్మదగినది కాదు, అందులోనూ ఇలాంటి తోబుట్టువు, కాబట్టి అర్జీ చెల్లదు. ఇక తల్లి సంగతి. గుమ్మం దాటిన స్త్రీకి శాంతి లేదని మహారచయితలందరూ చూపించారనీ, కథల్లోనే ఆమె ఇంతమందిని ముంచినప్పుడు నిజంలో ఒక పసిపిల్లని ఆమె చేతిలో ఎలా పెడతామనీ అడిగారు. చక్కటి భాష. వరండాలో ప్లీడర్లు ఆ వాక్యాలు ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు.

"ఏమంటున్నారు అన్నయ్యా?" అంది చెల్లి.

"పిల్ల బావగారి దగ్గరుండాలట. నువ్వు శనివారాలు చూడొచ్చట."

"అది కాదు. ఆ పుస్తకాల సంగతి. ఆ పుస్తకాల్లో వాళ్ళ పిల్లలు ఏమయ్యారో కూడా రాశారా?"

మైకు పుస్తకాలు చదివినవాడు కాదు. తల అడ్డంగా ఊపాడు, తెలీదన్నట్టు.

అతని ఉద్యోగం పోలేదు. పోయినా బావుండేదని తర్వాత అనుకున్నాడు. పాత కట్టల గదిలోకి మార్చారు, దుమ్ము దులిపి తాళ్ళు కట్టే పని. గుమ్మంలో అతని చోట నిజం మైకు ఒకటి బిగించారు. అందులోంచి ఏ పేరు వచ్చినా ఒకే రకంగా వచ్చేది. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

*

శనివారం మధ్యాహ్నాలు పిల్లల్ని చూపించడానికి కోర్టులోనే ఒక గది. గోడకి ఎవరో వేసిన జిరాఫీ బొమ్మ, కింద రెండు బెంచీలు. గంటసేపు. తలుపు బయట బావగారు నిలబడేవాడు. లోపల మైకు కూడా ఉండొచ్చని జడ్జిగారు దయతలిచారు.

మొదటి రెండు వారాలు పిల్లకి జ్వరమనో, పరీక్షలనో తీసుకురాలేదు. మూడో వారం వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించేశారు, నాయనమ్మకి జడలు వెయ్యడం చేతకాదట. చెల్లి దువ్వెనా రిబ్బన్లూ తెచ్చింది. పిల్ల తల చూసి, వాటిని మళ్ళీ సంచీలో పెట్టేసుకుంది.

పిల్ల బెంచీకి ఆ చివర కూర్చుంది.

"అన్నం తిన్నావా?" అంది చెల్లి.

"తిన్నానండి."

"అండీ ఏమిటే, నాతో?"

"నాయనమ్మ అలా అనమంది."

కాసేపు జిరాఫీని చూశారు ముగ్గురూ. మైకు ఏదైనా చెప్పి నవ్వించాలనుకున్నాడు. జిరాఫీ మెడ మీద ఒక కోత నోటిదాకా వచ్చింది కూడా. బయటికి రాలేదు.

పిల్ల కాళ్ళూపుతూ, ఎటో చూస్తూ అడిగింది, ఈసారి 'అండీ' లేకుండా. "నువ్వెందుకు రాలేదు?"

"ఎక్కడికే?"

"ఆ రోజు. నేను ఎవరి దగ్గరుండాలో అడగడానికి నిన్ను పిలిచారట కదా. మూడుసార్లు పిలిచినా నువ్వు రాలేదట. నాన్న చెప్పాడు. కోర్టులో రాసుందట కూడా."

చెల్లి నోరు తెరిచింది. మైకు ముందే లేచాడు. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బుజ్జీ, అమ్మ తప్పేం లేదురా. నేనే గట్టిగా పిలవలేదు. మెల్లగా పిలిచా. అమ్మకి వినపడలేదు. అమ్మ నీకోసం పొద్దుణ్ణించీ అక్కడే కూర్చునుంది."

పిల్ల అతని ముఖంలోకి చూసింది. ముందు నమ్మబోయింది. అంతలో దానికేదో గుర్తొచ్చింది, పెదాల చివర నవ్వు మొలిచింది.

"ఫో మావయ్యా! కోతలు. నీ గొంతు మా బడిదాకా వినపడింది కదా. యాభై ఆరు అని. నేనే విన్నాను."

"అది కోత బుజ్జీ. ఇది కాదు."

"నేను విన్నాను," అంది పిల్ల, ఈసారి నవ్వకుండా. మేనమామ మాట నమ్మాలంటే తను విన్నది విననట్టు ఒప్పుకోవాలి. ఆ పిల్లకి మిగిలినవే కొన్ని. అందులో ఇదొకటి. "నిజంగా విన్నాను. నువ్వు అబద్ధం చెప్తున్నావు. అమ్మకి రావాలని లేదు, అందుకే."

"కాదురా, ఒట్టు..."

"అన్నయ్యా, ఊరుకో," అంది చెల్లి.

ఆమె బెంచీ మీద ఆ చివరిదాకా జరిగింది. పిల్ల కళ్ళు తుడిచింది, కురచ జుట్టుని చెవి వెనక్కి సర్దింది. అది ఆగడం లేదు, మళ్ళీ ముందుకి పడుతోంది.

"మావయ్య గట్టిగానే పిలిచాడు. బడిదాకా వినపడేంత గట్టిగా పిలిచాడు," అంది. "నాకే నిద్ర పట్టేసింది. నీ గురించి ఆలోచిస్తూ రాత్రంతా పడుకోలేదా, తెల్లారి వచ్చి అక్కడ కూర్చోగానే పట్టేసింది."

"అంత నిద్రా?"

"అంత నిద్ర."

"లేపడానికి ఎవరూ లేరా?"

"లేరమ్మా."

పిల్ల నమ్మిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. తలుపు దగ్గర బావగారు గొంతు సవరించాడు, టైమైందని. పిల్ల లేచి, సంచీ భుజాన వేసుకుని, తల్లికేసి ఒకసారి వంగి, ముద్దు పెట్టాలా వద్దా అన్నట్టు ఆగి, వెళ్ళిపోయింది.

అన్నాచెల్లెళ్ళిద్దరూ బెంచీ మీదే ఉండిపోయారు. తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ పిల్ల చెప్తున్నది ఇద్దరికీ వినపడింది.

"నాన్నా, అమ్మకి నిద్దర పట్టేసిందట."